మీట నుంచి గాజు పలకకు: తెలుగు అక్షరం నడిచిన దారి

ఈ మధ్య మన సాహిత్య సభల్లో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తోంది. టచ్ ఫోన్లు వచ్చి తెలుగు రాతను పాడుచేశాయని, పిల్లలు గాజు మీద వేలు జార్చడమే తప్ప అక్షరం కుదురుగా రాయలేకపోతున్నారని, బటన్ల ఫోన్ల రోజులే నయమని, టైపు మిషన్ల రోజులు అంతకన్నా నయమని పెద్దలు వాపోతున్నారు. దీనికి ఎదురు వాదన కూడా అంతే జోరుగా సాగుతోంది. గాజు పలక అక్షరాన్ని ప్రజాస్వామికం చేసిందని, ఇక భాషకు సంకెళ్లు లేవని యువ మిత్రులు కొందరు ఉత్సాహంగా ప్రకటిస్తున్నారు. ఒకరు సాధనాన్ని తిడుతున్నారు, మరొకరు దానికి దండం పెడుతున్నారు. ఆ సాధనం ఎవరి అవసరాల కోసం పుట్టింది, ఎవరి చేతుల మీదుగా మన చేతికొచ్చింది అని ఇద్దరూ అడగటం లేదు.

మీటా, గాజా అన్న తగాదాను వేళ్ల సౌఖ్యానికి సంబంధించిన విషయంగా చూస్తే పత్రికల్లో వచ్చే ఫోన్ల ప్రకటనలు చాలు, మనం రాయనక్కర్లేదు. రాసే నైపుణ్యం ఎవరి స్వాధీనంలో ఉంటుంది, ఏ అక్షరం ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, ఏ మాట ఒప్పు ఏ మాట తప్పు అని తీర్పు చెప్పే అధికారం ఎవరికి పోతుంది అన్న దృష్టితో చూసినప్పుడే ఈ మార్పు చరిత్ర అర్థమవుతుంది.

టైపురైటరు నుంచే మొదలుపెట్టాలి. ఇవాళ గాజు మీద బొమ్మగా కనిపించే ఇంగ్లీషు అక్షరాల వరుస ఆ యంత్రం నుంచి వచ్చిందే. అమెరికాలో మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ షోల్స్ అనే పత్రికా సంపాదకుడు మరికొందరితో కలిసి 1868లో పేటెంటు పొందిన యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో మార్కెట్టులోకి తెచ్చింది. రెమింగ్టన్ అసలు వ్యాపారం తుపాకులు. అంతర్యుద్ధం ముగిసి తుపాకుల గిరాకీ పడిపోయాక ఆ కంపెనీ కుట్టు మిషన్ల మీదా టైపు మిషన్ల మీదా పడింది. క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అనే ఆ వరుస అలాగే ఎందుకుందన్న దానిపై పండితులు ఇంకా తగాదా పడుతూనే ఉన్నారు. మనకు ముఖ్యం అది కాదు. ఆ వరుస ఒకసారి స్థిరపడ్డాక దాని చుట్టూ ఒక కొత్త శ్రామిక వర్గమే తయారైందన్నది ముఖ్యం. పెరిగిపోతున్న కంపెనీల ఉత్తర ప్రత్యుత్తరాలకు చవకగా దొరికే చేతులు కావలసి వచ్చాయి. మధ్యతరగతి స్త్రీలు పెద్ద సంఖ్యలో ఆఫీసుల్లో అడుగుపెట్టింది ఈ మీటల ముందు కూర్చోవడానికే.

మన తాలూకా కేంద్రాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలసిన కాలం చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది, వరుసగా పాత మిషన్లు, గంటకింత అని ఫీజు, లోయరు, హయ్యరు అని పరీక్షలు. ఇంటరు తప్పినవాడూ, డిగ్రీ పాసై ఉద్యోగం రానివాడూ, పెళ్లి కుదిరేలోగా ఏదో ఒకటి నేర్చుకోమని ఇంట్లోవాళ్లు పంపిన ఆడపిల్లా పక్కపక్కన కూర్చుని ఒకే వాక్యాన్ని వందసార్లు కొట్టేవారు. ఈ చదువులో కవిత్వం లేదు గానీ ఒక గట్టి విషయం ఉంది. పది వేళ్లతో, మీటలు చూడకుండా కొట్టడం ఒకసారి వంటబట్టాక దాన్ని ఎవరూ లాక్కోలేరు. మిషను యజమానిది, వేళ్లలోని విద్య టైపిస్టుది. ఆ ఆఫీసు కాకపోతే మరో ఆఫీసు. మీట కదలదు, చోటు మారదు, అది గుడ్డివాడి వేలికీ దొరుకుతుంది. మీటకు అనుకూలంగా చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే అది ఇదే.

అయితే ఆ మీటల మీద మన అక్షరానికి చోటు ఎంత? ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపితే యాభై రెండు. తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. టైపు మిషను మీద ఉన్న కాసిని మీటల్లో వీటిని ఇరికించడానికి అక్షరాన్ని ముక్కలు చేయవలసి వచ్చింది. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట. ఆ ముక్కలు కాగితం మీద ఒకదానికొకటి అతకక ప్రభుత్వ ఉత్తర్వుల్లో తెలుగు అక్షరం కాళ్లూ చేతులూ విరిగినట్టు కనిపించేది. యంత్రం కోసం లిపినే కత్తిరించాలన్న సంస్కర్తలు కూడా బయలుదేరారు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. అయినా ఫైళ్లు ఇంగ్లీషులోనే నడిచాయి. తెలుగు టైపు మిషన్లు చాలినన్ని లేవు, టైపిస్టులు లేరు అన్న సాకు అధికారులకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మిషను లేకపోవడం నిజమే, కాని మిషను కావాలన్న కోరిక కూడా పాలకులకు లేకపోవడం అంతకన్నా పెద్ద నిజం. అదే కాలంలో మన అచ్చాఫీసుల్లో కంపోజిటర్లు వందల గళ్లలోని సీసపు అచ్చుల్లోంచి వత్తులూ గుణింతాలూ కన్ను తిప్పినంతలో ఏరి పేర్చేవారు. ఏ అక్షరం ఏ గడిలో ఉందో వారి చేతికి తెలుసు. మన అభ్యుదయ సాహిత్యమంతా ఆ చేతుల మీదుగా వెలువడిందే. ఆ చేతుల విద్యను టైపు మిషను అందుకోలేకపోయింది.

కంప్యూటరు వచ్చాక ఒక మంచి పని జరిగింది. భారతీయ భాషలన్నిటికీ ఒకే మీటల అమరికగా 1986లో ఇన్‌స్క్రిప్ట్ రూపొందింది. ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడి చేతి వైపు హల్లులు. తెలుగులో ‘క’ ఏ మీట మీద ఉందో హిందీలోనూ బెంగాలీలోనూ అదే మీట మీద ఉంటుంది. మన వర్ణమాల క్రమాన్ని గౌరవించిన అమరిక, పైగా ప్రజల సొత్తు, ఏ కంపెనీకీ రుసుము కట్టనక్కర్లేదు. కాని దాన్ని బడుల్లో నేర్పినవారు లేరు. డీటీపీ కేంద్రాల్లో ప్రైవేటు కంపెనీల ఖతులు, వాటి వాటి అమరికలు రాజ్యమేలాయి. ఒక ఖతిలో కొట్టిన వ్యాసం మరో ఖతిలో తెరిస్తే పిచ్చి గీతలు. పత్రికలకు వ్యాసాలు పంపినవారందరికీ ఈ బాధ తెలిసిందే.

ఇంతలో సెల్‌ఫోను వచ్చింది. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఒక కమ్యూనిస్టు నాయకుడి గొంతుతో మొదలైన ఈ వ్యాపారం తర్వాత ఎవరి పంటగా మారిందో మనకు తెలుసు. చాలాకాలం వచ్చిన కాలుకు కూడా డబ్బు కట్టాలి. 2003 మే నుంచి వచ్చే కాళ్లు ఉచితమయ్యాయి. సామాన్య ప్రజల చేతికి ఫోను చేరడం ఆ తర్వాతి మాట. అదే 2003లో వచ్చిన నోకియా 1100ను మన వంటి దేశాల కోసమే తయారుచేశారు. దుమ్ము దూరని మీటలు, చేతిలో జారని వెనుక భాగం, కరెంటు పోతే వెలిగే టార్చిలైటు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. రైతు మొలలోనూ, మేస్త్రీ జేబులోనూ, బస్సు కండక్టరు సంచిలోనూ ఆ ఫోను ఉండేది.

ఆ మీటల అమరిక మాటలు రాయడానికి పుట్టింది కాదు. 1963లో అమెరికాలో బెల్ టెలిఫోను వారు తిప్పే డయలు బదులుగా అంకెలు నొక్కేందుకు పెట్టిన మీటలు అవి. అంకెల మీద మూడేసి, నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు కూర్చున్నాయి. ‘నేస్తం’ అన్న చిన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే ఆరు అంకెను రెండుసార్లు, మూడును రెండుసార్లు, ‘ఎస్’ కోసం ఏడును నాలుగుసార్లు, ఎనిమిదిని, రెండును, మళ్లీ ఆరును ఒక్కొక్కసారి, మొత్తం పదకొండు నొక్కుళ్లు. ఈ శ్రమ తగ్గించడానికి టీ9 అనే ఉపాయం వచ్చింది. ఒక్కో అక్షరానికి ఒక్క నొక్కు చాలు, మీరేమి అనబోతున్నారో ఫోనులోని నిఘంటువు ఊహిస్తుంది. చేతులు సరిగా కదపలేని వికలాంగుల కోసం సాగిన కృషిలోంచి పుట్టిన ఆలోచన ఇది. దాన్ని తయారుచేసిన క్లిఫ్ కుష్లర్ అనే ఆయనే తర్వాత గాజు మీద వేలు ఎత్తకుండా గీస్తూ రాసే స్వైప్ పద్ధతిని కూడా మరొకరితో కలిసి తయారుచేశాడు. మీటకూ గాజుకూ మధ్య గోడ లేదనడానికి ఇదొక నిదర్శనం. కాని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు ఆ నిఘంటువుకు రాదు. ‘బాగున్నావా’ అని రాయబోతే అది తనకు తోచిన ఇంగ్లీషు మాట ఏదో తెచ్చి పెట్టేది. మన కుర్రాళ్లు ఆ ఊహను కట్టేసి, ఏడును నాలుగుసార్లు నొక్కడానికే సిద్ధపడ్డారు. మేజా బల్ల కింద చేయి పెట్టి, పాఠం చెప్పే మాస్టారి మొహం చూస్తూనే మెసేజి కొట్టగలిగిన విద్యార్థులు నాకు తెలుసు. కోపం వచ్చినా ఆ వేళ్ల నేర్పుకు ఆశ్చర్యపడక తప్పేది కాదు.

తెలుగు యువకులు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఇక్కడే అలవాటు చేసుకున్నారు. ఇది మాతృభాషపై ప్రేమ లేకపోవడం వల్ల వచ్చిందని ఉపన్యాసాలు దంచేవారు ఒక లెక్క చూడాలి. మెసేజి ఒక్కదానిలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. ఆ 70 కూడా మనం చూసే అక్షరాలు కావు. ‘నమస్కారం’ మన కంటికి నాలుగక్షరాలు. న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న అని విడదీసి యంత్రం దాన్ని ఎనిమిదిగా లెక్కపెడుతుంది. అంటే ఇంగ్లీషు లిపిలో ఒక మెసేజిలో ఒదిగే ఉత్తరానికి తెలుగులో రెండు మూడు మెసేజీల డబ్బు. పైగా అవతలివారి ఫోనులో తెలుగు కనిపిస్తుందన్న నమ్మకం లేదు. సంక్రాంతికీ ఉగాదికీ మెసేజి ప్యాకులు చెల్లవని, మామూలు రేటు కట్టాలని ఆ రోజుల్లో కంపెనీలు పెట్టిన నిబంధన గుర్తుంటే, పండగ శుభాకాంక్షలు ఏ లిపిలో వెళ్లి ఉంటాయో ఊహించవచ్చు. మన అక్షరం మీద అలా ఒక పన్ను పడింది. దాన్ని పన్ను అని ఎవరూ అనలేదు, అంతే.

కార్మికులూ విద్యార్థులూ పన్నెండు మీటలతో కుస్తీ పడుతుండగా పై అంతస్తులో మరో మీటల లోకం నడిచింది. కెనడాలోని వాటర్‌లూ పట్టణపు కంపెనీ 1999లో తెచ్చిన బ్లాక్‌బెర్రీకి టైపురైటరు వరుసంతా చిన్న చిన్న మీటలుగా ఉండేది. రెండు బొటన వేళ్లతో ఉత్తరాలు కొట్టే ఆ పరికరం కంపెనీ అధికారుల, బ్యాంకర్ల, మంత్రుల చేతి నగ. యజమాని ఎక్కడున్నా ఆఫీసు అతని వెంటే ఉండేది, అతని కింది ఉద్యోగికి ఆదివారం కూడా పోయింది.

2007 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోనును చూపిస్తూ ఈ మీటలనే ఎగతాళి చేశాడు. ప్లాస్టిక్కులో పోతపోసిన మీటలు అవసరం ఉన్నా లేకున్నా అక్కడే పడి ఉంటాయని, పనిని బట్టి మారలేవని అతని వాదన. అందులో నిజముంది, ఆ నిజం అతను ఉద్దేశించని మనకే ఎక్కువ వర్తిస్తుంది. కాని గాజు మీద రాయడం మొదట్లో వారికే సాధ్యం కాలేదు. మీటల బొమ్మలు మరీ చిన్నవి, వేలు లావు, ఒకటి నొక్కితే మరొకటి పడేది. దీన్ని సాధించినవాడు ఆ కంపెనీలో ప్రోగ్రాములు రాసే కెన్ కోషెండా. 2018లో అచ్చయిన తన పుస్తకంలో ఆ కథంతా చెప్పాడు. కిటుకు ఏమిటంటే, కంటికి కనిపించే మీట వేరు, లోపల యంత్రం ఒప్పుకునే మీట వేరు. మీరు రాసిన అక్షరాలను బట్టి తర్వాత ఏది రావచ్చో యంత్రం లెక్కగట్టి, ఆ అక్షరం చుట్టూ కనిపించకుండా హద్దు పెంచుతుంది. మీ వేలు పక్కన పడినా అదే పడినట్టు తీసుకుంటుంది. ఇంకా తప్పితే మాటనే దిద్దేస్తుంది.

ఈ చిన్న కిటుకులోనే పెద్ద మార్పు ఉంది. టైపిస్టు వేలిలో ఉన్న విద్య ఇప్పుడు యంత్రంలోని నిఘంటువులోకి వెళ్లింది. మీట మీద తప్పు కొట్టినా ఒప్పు కొట్టినా అది మీదే. గాజు మీద ఒప్పు పడితే అందులో కంపెనీకి వాటా ఉంటుంది. నిఘంటువు లేకుండా గాజు మీద నడవలేం. ఆ నిఘంటువు ఎవరిది, అందులో ఏయే మాటలున్నాయి, ఏది ముందు వస్తుంది అన్నవి మన చేతిలో లేవు. పెట్టుబడి శ్రామికుడి నేర్పును యంత్రంలోకి లాక్కోవడం మగ్గం రోజుల నుంచీ చూస్తున్నదే. రాతలో ఇది మన కళ్లముందే, పదిహేనేళ్లలో జరిగిపోయింది.

మీటల ప్రభువులు తేరుకోలేకపోయారు. 2008లో బ్లాక్‌బెర్రీ వారే నొక్కితే కిందికి దిగే గాజు పలకతో స్టార్మ్ అనే ఫోను తెచ్చి నవ్వులపాలయ్యారు. 2016లో సొంతంగా ఫోన్ల తయారీ మానుకున్నారు. 2022 జనవరి 4న పాత ఫోన్లకు సేవలు కూడా ఆపేశారు.

ఇక తెలుగు సంగతి. గాజు పలక వల్ల మన అక్షరానికి మేలు జరగలేదని ఎవరైనా అంటే అది మూర్ఖత్వం. ప్లాస్టిక్కు మీద పోతపోయని అక్షరాన్ని గాజు మీద బొమ్మగా గీయవచ్చు. ఎన్ని వత్తులైనా, ఎన్ని గుణింతాలైనా పేజీ తిప్పినట్టు తిప్పవచ్చు. తెలుగు లిపికి 1991లోనే యూనికోడులో చోటు దొరికినా, తొలినాళ్ల టచ్ ఫోన్లలో తెలుగు బదులు ఖాళీ పెట్టెలే కనిపించేవి. ఆ ఫోను ఎవరి కోసం వచ్చిందో ధరే చెబుతుంది. 2008 ఆగస్టులో ఐఫోను మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు వెల 31 వేల రూపాయలు. చవక ఆండ్రాయిడ్ ఫోన్లు పల్లెలకు వచ్చాకే, తెలుగు మార్కెట్టు కూడా మార్కెట్టేనని కంపెనీలు గ్రహించాకే పెట్టెల స్థానంలో అక్షరాలు వెలిశాయి. దేశంలో అమ్మే ప్రతి ఫోనులో భారతీయ భాషలన్నీ చదివే వీలు, ఇంగ్లీషు, హిందీలతో పాటు మరొక భాషలో రాసే వీలు ఉండాలని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2016 అక్టోబరులో. 2017 ఆగస్టు నుంచి తెలుగులో మాట్లాడితే రాసుకునే సౌకర్యమూ గూగుల్ ఇచ్చింది. టైపు మిషను మొహం చూడని కౌలు రైతులు, కూరగాయలమ్మే స్త్రీలు, గల్ఫు దేశాల్లోని వలస కూలీలు ఇవాళ తమ మాటను తెలుగు లిపిలో రాసి పంపుతున్నారు. రాత్రి పని ముగిశాక ఫోనులోనే కథ రాసి పత్రికకు పంపే యువ రచయితలు ఇప్పుడు కొత్త కాదు. అధికార భాషా చట్టం యాభై ఏళ్లలో చేయలేని పనిని మార్కెట్టు తన లాభం కోసం పదేళ్లలో చేసింది. ఇది చేదు నిజం, అయినా ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక మిగతా లెక్క కూడా చూడాలి. మన పిల్లల్లో చాలామంది తెలుగు అమరిక వాడటం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ అని కొడితే ఫోను తెలుగు చేసి పెడుతోంది. ‘న’కూ ‘ణ’కూ, ‘ల’కూ ‘ళ’కూ తేడా వేలికి తెలియనక్కర్లేదు, ఫోనుకు తెలిస్తే చాలు. పరీక్ష కాగితం మీద ఫోను ఉండదు కదా! ‘కళ’ రాయవలసినచోట ‘కల’ రాసిన జవాబు పత్రాలు ఏటా దిద్దుతున్నాను. దీనికి పిల్లలను తిట్టి లాభం లేదు. తమ భాష వర్ణక్రమం తెలిసిన అమరిక ఒకటుందని మనం వారికి ఏ తరగతిలో చెప్పాం?

అంతకన్నా లోతైన సమస్య మాటల ఎంపిక. నల్లగొండ యాసలో, శ్రీకాకుళం పలుకుబడిలో, సీమ మాండలికంలో నాలుగు వాక్యాలు ఫోనులో రాసి చూడండి. పై వరుసలో వచ్చే సూచనలు పత్రికల భాష వైపు, పాఠ్యపుస్తకాల భాష వైపు లాగుతాయి. వద్దంటే మానవచ్చు, కాని వద్దనడానికి ప్రతిసారీ ఒక నొక్కు ఎక్కువ ఖర్చవుతుంది. అలసినవాడు సూచననే ఒప్పుకుంటాడు. గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు ఎదుట పండితులున్నారు, పరిషత్తులున్నాయి. వారికి జవాబు చెప్పవచ్చు, వాదించి ఓడించవచ్చు. కాళోజీ నారాయణరావు బడిలో నేర్పే భాషకూ జనం మాట్లాడే భాషకూ మధ్య ఉన్న దొరతనాన్ని ఎత్తిచూపినప్పుడు ఆ దొరతనానికి మొహం ఉంది. ఈ కొత్త గ్రాంథికానికి మొహం లేదు. ఏ పండితుడు ఏ మాట ఎందుకు ముందు పెట్టాడని అడిగితే, జనం ఎక్కువగా రాసేదే ముందు వస్తుందని సమాధానం వస్తుంది. ఆ జనంలో ఎవరున్నారు, ఇప్పటిదాకా రాసే అవకాశం ఎవరికి దొరికింది అన్నది మాత్రం లెక్కలోకి రాదు.

మన అక్షరం ఆ కంపెనీలకు ఎంత దూరంలో ఉందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం, అందులోనూ లోపల కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపం, మెసేజిలో వస్తే ఐఫోనులోని ఆ మెసేజీల పని మొత్తం కుప్పకూలిపోయేది. ఆ నెల 19న కంపెనీ దిద్దుబాటు విడుదల చేసింది. ‘జ్ఞానం’ అన్న మాటలోని మొదటి అక్షరాన్ని భరించలేకపోయిందని మనవాళ్లు సరదాగా చెప్పుకున్నారు. సరదా పక్కన పెడితే, కోట్ల మంది నిత్యం వాడే అక్షరాన్ని అమ్మకానికి ముందు సరిగా పరీక్షించలేదన్నది దాని అర్థం. ఇంగ్లీషు అక్షరానికి అలా జరిగి ఉంటే ఆ ఫోను గోదాము దాటేది కాదు.

గాజుకు మరో గుణం ఉంది. అది చేతులను ఎంచుతుంది. గాజు కింద ఉన్న సన్నని విద్యుత్ పొర వేలి చర్మం తగిలినప్పుడు కలిగే మార్పును పసిగడుతుంది. కాయలు కాసి ఎండిన వేలిని, తడి వేలిని, సున్నం అంటిన వేలిని అది సరిగా గుర్తించదు. రేషను షాపు దగ్గర వేలిముద్ర పడక వెనక్కి తిరిగిన కూలీ చేతి కథే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. మీటకు ఈ పట్టింపు లేదు. చూపులేనివారికి అయిదు అంకె మీద ఉబ్బెత్తు చుక్క ఒకటి చాలు, మిగతా మీటలన్నీ అక్కడి నుంచి తడిమి తెలుసుకుంటారు. గాజు మీద తడమడానికి ఏమీ లేదు. వేలు తగిలినదాన్ని చదివి వినిపించే ఏర్పాటు ఐఫోనులో 2009లో గాని రాలేదు.

రాసేవారి చేతుల సంగతి చెప్పాక ఆ ఫోన్లను తయారుచేసే చేతుల సంగతి వదిలేయరాదు. నోకియా మీటల ఫోన్లు మన పొరుగునే, చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూరులో 2006 నుంచి తయారయ్యాయి. పనిచేసినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన యువతులు. 2010లో ఒక యువ కార్మికురాలు యంత్రంలో చిక్కుకుని ప్రాణం కోల్పోయింది. టచ్ ఫోన్ల పోటీలో కంపెనీ చతికిలబడి, మైక్రోసాఫ్టుకు అమ్ముడుపోయి, పన్ను తగాదాలో ఈ కర్మాగారం ఆ బేరంలో చేరకుండా మిగిలిపోయి, చివరకు 2014 నవంబరు 1న మూతపడింది. వేలమంది వీధినపడ్డారు. ఏడాది తిరగకుండానే అక్కడికి ఎంతో దూరం లేని మన శ్రీసిటీలో, 2015 ఆగస్టులో, ఫాక్స్‌కాన్ కంపెనీ షావోమీ టచ్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడా పనివారిలో అత్యధికులు స్త్రీలే. మీట పోయి గాజు వచ్చింది, హాస్టలు నుంచి కర్మాగారానికి వెళ్లే బస్సు మాత్రం అదే. ‘కళ్లముందు జరిగిన విప్లవం’ అని రాసే మిత్రులు ఈ బస్సును కూడా ఒకసారి చూడాలి.

గాజు పలక కొత్త రకం వెట్టిని కూడా తెచ్చింది. పూర్వం ఆఫీసులో టైపిస్టు చేసే పని ఇవాళ అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, బడి పంతులు అసలు పని ముగిశాక ఫోనులో చేయాలి. పిల్లల బరువు, ఎత్తు, గుడ్ల లెక్క, పాల లెక్క, అన్నీ యాపుల్లో ఎక్కించాలి. టైపిస్టుకు ఆ పనికి జీతం ఉండేది. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన నాసిరకం ఫోన్లను తిరిగి ఇచ్చేశారు. యాపు ఇంగ్లీషులో ఉందన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మెలో వేతనాల పెంపు, గ్రాట్యుటీలతో పాటు యాపుల భారం తగ్గించాలన్న కోర్కె కూడా ఉంది. అక్షరం ప్రజల చేతికి రావడమంటే ఇదేనా అని ఆ తల్లులను అడగాలి.

మీట చచ్చిపోయిందని కూడా తొందరపడి చెప్పరాదు. 2017లో జియో కంపెనీ 1,500 రూపాయల డిపాజిట్టుతో ఇంటర్నెట్టు ఫోను ఇచ్చినప్పుడు దానికి పెట్టింది మీటలే. ఫోనులో డబ్బు చెల్లింపులను బటన్ల ఫోన్లకు విస్తరిస్తూ 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు అప్పట్లో అలాంటి ఫోన్లు వాడేవారు 40 కోట్ల పైగా ఉంటారని చెప్పింది. పెద్దల చేతిలోని మీటలు మాయమయ్యాయి, బీదల చేతిలోని మీటలు మిగిలాయి. ఆఫీసు గుమాస్తా పనిముట్టుగా పుట్టి, దొరల నగగా వెలిగి, చివరకు మీట బీదవాడి ఫోనులో స్థిరపడింది. ఆ పన్నెండు మీటల మీద తెలుగు రాయడం ఇప్పటికీ అప్పటి కష్టమే.

కనుక మన పెద్దలు కోరినట్టు మీటకు తిరిగి పోవడం సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. తగాదా పడవలసింది నిఘంటువు దగ్గర. పొరుగున కేరళలో 2002 నుంచి స్వచ్ఛందంగా పనిచేస్తున్న స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం తయారుచేసిన ఇండిక్ కీబోర్డులో తెలుగు కూడా ఉంది. దాని లోపలి రాత అంతా బహిరంగం, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి ఈ దారిలోనే తెలుగు కోసం పనిచేస్తోంది. రచయితల సంఘాల్లో మాత్రం ఇంతవరకు దీన్ని సాహిత్య సమస్యగా చూసిన తీర్మానం ఒక్కటీ నా కంటపడలేదు. సాంకేతిక నిపుణుల పని అని వదిలేశాం.

అందులో చేర్చడానికి మాటలు ఎక్కడివి అంటే, మన దగ్గర ఏనాడో సిద్ధంగా ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని 1962లో, రెండో సంపుటాన్ని 1971లో ప్రచురించింది. మొదటిది వ్యవసాయ పదాలు, రెండోది చేనేత పదాలు. ఊరూరా తిరిగి రైతుల నోట, నేతగాళ్ల నోట విని రాసుకున్న మాటలు అవి. మొన్న సెలవుల్లో మొదటి సంపుటం ముందు పెట్టుకుని నాగలి భాగాల పేర్లు ఫోనులో ఒక్కొక్కటే కొట్టి చూశాను. ‘మేడి’ అని రాస్తుండగానే పైన ‘మేడం’ అని వచ్చింది. ‘కర్రు’ అంటే ‘కర్రీ’ చూపించింది. ‘నొగ’కు ఏమీ చూపలేదు. కాడి మాత్రం ఒక్కసారికే తెలిసింది.